పచ్చ చుక్క

2025 సెప్టెంబర్ 3, బుధవారం. రాజాం.

సచివాలయం నుంచి అమ్మాయి వచ్చింది. కౌశలం సర్వే. ఇంట్లో చదువుకున్నవాళ్ళెవరు, ఏం చదివారు, ఇంటి నుంచి పని ఇస్తే చేస్తారా.

"పని చేస్తున్నారా అండీ?"

"చేస్తున్నాను."

"ఎక్కడ?"

"ఇక్కడే."

ఫోన్లో పైకీ కిందికీ చాలాసేపు వెతికింది. అంతకుముందే అమ్మనడిగిందట. "ఖాళీగానే ఉంటాది" అని అమ్మ రాయించేసింది.

ఆ అమ్మాయిదీ బీటెక్కే. రోజూ ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. వెళ్తూ "మీరు అదృష్టవంతులండి" అంది. నేనప్పుడు మీటింగులో ఉన్నాను. మ్యూట్‌లో.

సెప్టెంబర్ 8

ఆధార్‌లో శ్రీకాకుళం జిల్లా. కంపెనీ ఫారంలో విజయనగరం జిల్లా. ఇల్లు మారారా అని హెచ్ఆర్ నుంచి ఫోను. మారలేదండీ, 2022 ఏప్రిల్ 4న జిల్లా మారింది. ఇల్లు అక్కడే ఉంది. మారినట్టు ఏదైనా ప్రూఫ్ పంపమంది. జిల్లాల విభజన గెజిట్ పంపాను. కరెంటు బిల్లు లేదా అని అడిగింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

తమ్ముడు పైడిభీమవరం నుంచి వచ్చాడు. మందుల కంపెనీలో కెమిస్టు. ఎ, బి, సి షిఫ్టులు. గదిలో ముగ్గురు, మంచాలు రెండు. ఎప్పుడూ ఒకడు డ్యూటీలో ఉంటాడు కాబట్టి సరిపోతుందట. వీక్లీ ఆఫ్‌లు కలిసిన రోజు ఎవడో ఒకడు సినిమాకెళ్తాడు.

ఫోన్లు గేటు దగ్గరే లాకర్లో పెట్టేయాలి. జాలి పడబోయాను.

"ఎనిమిది గంటలు నన్నెవుడూ పిలవలేడప్పా. అమ్మ కూడా."

అన్నం తిని పడుకున్నాడు. లేచేసరికి రేపటి పేపరొచ్చింది.

సెప్టెంబర్ 22

ఫ్యాక్టరీల్లో రోజుకి తొమ్మిది గంటల పరిమితిని పదికి పెంచే సంగతి మళ్ళీ పేపర్లో. జూన్‌లోనే కేబినెట్ ఒప్పుకుంది. వారానికి 48 మాత్రం అలాగే ఉంటుందట. ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టులు కూడా.

నాన్న ఆ వార్త రెండుసార్లు చదివాడు. జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. "మేం పన్నెండు కూడా సేసినాం. ఓటీకి డబుల్ కూలి." కాసేపాగి, "ఎక్కువ సేస్తే నీకేటిస్తారు?"

"థాంక్స్ అని మెయిల్ వస్తుంది నాన్నా."

"నీకొక్కదానికేనా?"

"అందరికీ."

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో వారానికి 70 గంటలన్నాడు. ఈ జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 అన్నాడు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపు చూస్తారు అని కూడా అడిగాడు. నాన్నకి చదివి వినిపించాను. అమ్మ వైపు చూశాడు. పేపరు మడత పెట్టేశాడు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

కాసేపు మౌస్ కదలకపోతే నా పేరు పక్కన పచ్చ చుక్క పసుపు రంగులోకి తిరుగుతుంది. ఇవాళ తలంటు. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాను. అప్పుడప్పుడు కదుపుతుండు, చాలు అన్నాను.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆపకుండా కదుపుతోంది.

"ఆపితే ఏటవుద్ది?"

"పని చెయ్యట్లేదనుకుంటారు."

"నాను సేత్తన్నాను కదా."

కూలి ఎంతని అడిగింది. పది రూపాయలిచ్చాను. చెంగున ముడేసుకుంది.

అక్టోబర్ 7, మంగళవారం. విజయనగరం.

సిరిమానోత్సవం. కంపెనీ సెలవుల జాబితాలో లేదు. స్థానిక పండగలకని ఒక సెలవిచ్చారు, దాన్ని వేరే దేనికో వాడేశాను. మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మీటింగు విన్నాను. మాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరగాలి. మాను చివర పూజారి. కింద నుంచి అరటిపళ్ళు విసురుతున్నారు.

నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడి మెడలో ఇంకా ఆఫీసు కార్డు ఉంది.

"ఈయనకి వర్క్ ఫ్రం హోం కుదరదు."

"పైగా వంశపారంపర్యం. రిజైన్ కూడా చెయ్యలేడు."

సాయంత్రం తెలిసింది, నేను అన్‌మ్యూట్‌లోనే ఉన్నానట. "జై పైడిమాంబ" బెంగళూరు దాకా వినపడింది. గుడ్ ఎనర్జీ అని మేనేజరు రాశాడు.

అక్టోబర్ 13

ఇంటర్‌లో నా క్లాస్‌మేటు బస్టాండులో కనిపించాడు. పక్క మండలంలో బ్రాంచి పోస్టాఫీసుకి బీపీఎం. డ్యూటీ నాలుగు గంటలు. అందుకిచ్చేదాన్ని జీతం అనరు, భత్యం అంటారు. 12,000తో మొదలు, డీఏ అదనం. ఎంపికకి పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే. బీటెక్ మార్కులు వీడినెవరూ అడగలేదు.

బతకడానికి వేరే ఆధారం ఉండాలని రూల్సులోనే ఉందట. "ఈ ఉద్యోగంతో బతకలేవని గవర్నమెంటే రాసిచ్చింది. ఎంత నిజాయితీ చూడు."

మధ్యాహ్నం నుంచి మొక్కజొన్న చేను. సాయంత్రం వాలీబాల్. మనిషి నున్నగా ఉన్నాడు. పెళ్లి మాత్రం కుదరట్లేదు. మిగతా రోజంతా ఏం చేస్తాడు అని పిల్లవైపు వాళ్ళు అడుగుతున్నారట. నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

అక్టోబర్ 16

పక్కింటి అత్త కరివేపాకు కోసమొచ్చింది. నేను ఆస్ట్రేలియా వాళ్ళతో మాట్లాడుతున్నాను. మంచం మీద కూర్చుని మొత్తం విన్నది. చివర్లో వాళ్ళు ఆమెకి నమస్తే చెప్పారు. "అన్నాలు తిన్నారేటి" అని అడిగింది. నేను అనువదించాను. తిన్నారట.

అక్టోబర్ 28

మొంథా తుపాను. గోదావరి జిల్లాల వైపు తీరం దాటుతుందంటున్నారు, వాన మాత్రం ఇక్కడ కూడా. కరెంటు లేదు. బెంగళూరు నుంచి మెసేజ్: స్టే సేఫ్. కింద ఇంకోటి: ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఎంతుంది?

సగం ఉందన్నాను. అది చాలన్నారు.

చీకట్లో నాన్న పాత తుపానులు చెప్పాడు. 2014 హుద్‌హుద్. 2018 తిత్లీ, ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎక్కడివక్కడ పడిపోవడం. "అప్పుడు మనింట్లో ఆఫీసు లేదు" అంది అమ్మ.

నవంబర్ 4

వీధి చివర జంట మళ్ళీ చెన్నై వెళ్తున్నారు. బిల్డింగు పనికి. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఆమె గుమ్మంలో ఆగింది.

"మీ కంపినీ పని ఇంటికే పంపిస్తాదట కదమ్మా. మాకూ సూడు. ఏటి పని?"

"బ్యాంకు యాప్‌లో తప్పులు వెతకడం."

"ఎతికి?"

"ఇదిగో తప్పు అని చెప్తాను."

"సరిసెయ్యవా?"

"అది వేరేవాళ్ళు."

మొగుడివైపు తిరిగి నవ్వింది. చీపురుపల్లి స్టేషనుకి ఆటో వచ్చేసింది.

నవంబర్ 9, ఆదివారం

పలాస సంబంధం. అబ్బాయి అమెరికా షిఫ్టు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు. పలాసలో ఇంటి నుంచే, పర్మనెంటుగా. కింద వాళ్ళ నాన్న జీడిపప్పు వ్యాపారం. వీడియో కాల్లో వెనక నుంచి జీడిగింజలు కొట్టే మోత.

వాళ్ళమ్మ నా ఉద్యోగం గురించి ఒక్కటే అడిగింది. ఇంటి నుంచేనా? ఇంటి నుంచే. "అలాగైతే వంటా అదీ సూసుకోవచ్చు."

పగలు నిద్రపోయే అల్లుడు ఎలాగ అని మా అమ్మ భయం. మూఢం వెళ్ళాక మంచి ముహూర్తాలన్నీ రాత్రివేళే ఉన్నాయన్నాడు పంతులు. ఒకటి 2 గంటల 14 నిమిషాలకి.

"నాకు లంచ్ బ్రేక్ అప్పుడేనండి" అన్నాడు అబ్బాయి.

జోకు కాదు. నిజంగానే చెప్పాడు. కొంచెం నచ్చాడు.

నవంబర్ 12

తెల్లారకముందే పాలకొండ రోడ్డు మీద కుర్రాళ్ళ పరుగు. ఆర్మీ సెలక్షన్లకి. 2022 నుంచి అగ్నివీర్. నాలుగేళ్ళు ఉంచుకుని నలుగురిలో ఒకరిని కొనసాగిస్తారు. అలాంటి ఉద్యోగం కోసం ఇంత చలిలో బనియన్లతో. అదే మాట ఒకడితో అంటే, "నీది ఎన్నేళ్ళక్కా?" అన్నాడు పరిగెడుతూనే. మూడు నెలల నోటీసు నాది. చెప్పేలోపు వెళ్ళిపోయాడు.

నవంబర్ 19

సంక్రాంతి తిరుగు ప్రయాణాల టికెట్లు. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఉదయం ఎనిమిదికి. జనవరి 18వి ఇవాళ.

హైదరాబాద్ నుంచి పెదనాన్న కొడుకు ఫోను. "నువ్వు ఇంట్లోనే కదే, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రెండు స్లీపర్లు కొట్టు. శ్రీకాకుళం రోడ్డు నుంచి. నాకు మీటింగుంది." నాకూ మీటింగుంది అన్నాను. "నీది ఇంట్లో కదా."

చివరికి తనే చేసుకున్నాడు. వాళ్ళ మేనేజరుది సోంపేట. ఎనిమిది నుంచి ఎనిమిదీ పది దాకా మీటింగులో ఒక్కరూ మాట్లాడలేదట. తర్వాత మేనేజరు గొంతు సవరించుకుని "అందరికీ అయిందా?" అన్నాడట.

నవంబర్ 22

నిన్నటి నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 చట్టాలు పోయి నాలుగు. గిగ్ వర్కర్లకి చట్టంలో చోటు దొరికింది. యాప్ కంపెనీలు టర్నోవర్లో ఒకటి నుంచి రెండు శాతం వాళ్ళ భద్రత నిధికి కట్టాలి.

చిన్నత్త కొడుకు విజయనగరంలో ఫుడ్ డెలివరీ. ఫోన్ చేసి చెప్పాను.

"నాకేటొస్తాది వదినా?"

"ముందు ఆధార్‌తో నమోదు అవ్వాలి."

"అయినాను కదా. మూడు యాపుల్లో."

వాడికి ఈ పనంటే ఇష్టం. బట్టల కొట్టులో నిలబడలేక మానేసి ఇందులోకొచ్చాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగిన్, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగౌట్, ఎవడికీ సలాం కొట్టక్కర్లేదు. ఇన్సెంటివ్ కావాలంటే మాత్రం శుక్ర, శని, ఆదివారాలు రాత్రి పదకొండు దాకా ఉండాలి. వానలో అయితే ఆర్డరుకి ఇంకొంచెం ఎక్కువ. అల్పపీడనం వార్త వస్తే రెయిన్‌కోటు ఉతికి ఆరేస్తాడట.

నవంబర్ 29, శనివారం

విజయనగరం బస్సు. కండక్టరు సున్నా రూపాయల టికెట్ చించి ఇచ్చాడు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం. పక్కసీటు అమ్మాయి బట్టల షోరూములో సేల్సు. జీతంలో మూడోవంతు బస్సుకే పోయేదట. మానెయ్యమని ఇంట్లో పోరు. టికెట్ ఫ్రీ అయ్యాక పోరు ఆగింది. వెళ్ళేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర, సీరియల్ చూసుకుంటుంది. ఇంట్లో రిమోటు మావగారి దగ్గర ఉంటుందట. "ఈ టైం నాదండి" అంది. చిప్స్ పెట్టింది.

స్నేహితురాలి ఇల్లు. కంటోన్మెంటు దగ్గర. కోవిడ్‌లో మొదలైన ఇంటి పని ఆమెది, ఇప్పటికీ అదే. మీటింగులో ఉండగా అత్తగారు కొత్తిమీర కట్టలు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టారు. మాట్లాడుతూనే వలిచింది. వాళ్ళ కంపెనీ ఆఫీసుకి పిలిస్తే బాగుణ్ణని ఆమె మొక్కు.

"ఆఫీసులో టీ ఇంకెవరో పెట్టిస్తారే."

డిసెంబర్ 6

లోక్‌సభలో నిన్న సుప్రియా సూలే బిల్లు పెట్టింది. డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోను ఎత్తకుండా ఉండే హక్కు. ప్రైవేటు సభ్యుల బిల్లు. అలాంటిది చివరిసారి చట్టమైంది 1970లో.

వార్త లింకు మా గ్రూపులో పెట్టింది మేనేజరే. రాత్రి 11:20కి. మీ అభిప్రాయాలేమిటి అన్నాడు. పదినిమిషాల్లో అందరూ చెప్పారు.

డిసెంబర్ 12

మెయిల్ వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసు. "కలిసి ఎదుగుదాం" అని పైన. కింద చిన్న అక్షరాల్లో: కుర్చీలు పరిమితం, ముందురోజే బుక్ చేసుకోగలరు.

మామ్మకి చెప్పాను. బెంగళూరు ఎంత దూరం అంది. ఆమె మావగారు రంగం వెళ్ళాడు, ఓడెక్కి. ఇక్కడివాళ్ళకి అప్పట్లో రంగూనే హైదరాబాదు. ఏడాదికో ఉత్తరం. ఒక ఏడాది ఉత్తరం రాలేదు, పోయాడనుకున్నారు. తర్వాత మనిషే వచ్చాడు.

"సంతోషించారా?"

"ఆయన గదిలో అప్పటికే ధాన్యం బస్తాలెట్టీసినారు."

డిసెంబర్ 20

ఇంటర్ బ్యాచ్ గ్రూపులో నేనే ఓటింగు పెట్టాను. ఆఫీసుకి పిలిస్తే వెళ్తారా, మానేస్తారా.

ఒకతి వెంటనే వెళ్తానంది. పీజీలో ఎవరూ తిన్నావా అని అడగరట, దానికోసమే. ఇంకొకడు జీతం తగ్గించుకుని మరీ బొబ్బిలిలో ఉండిపోయాడు. నాన్నకి డయాలసిస్ అన్నాడు, తర్వాత ఆ మెసేజ్ చెరిపేశాడు. ఒకడు రెండు కంపెనీలకి చేస్తున్నాడు, రెండూ పిలిచాయి, రెండూ వేర్వేరు ఊళ్ళలో. వాడికి అందరం సానుభూతి ఇమోజీలు పెట్టాం. బాల్యం నుంచీ అత్యాశ.

డీఎస్సీలో టీచరు ఉద్యోగం కొట్టినామె ఓటే వెయ్యలేదు. ఈ ఏడు మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. పదహారేళ్ళ వయసులో మా అందరికంటే మార్కులు తక్కువ ఆమెకి. సాయంత్రం అయిదు కాకుండానే స్టేటస్ పెట్టింది. వేడి వేడి మిరపకాయ బజ్జీ, వెనక చెరువు.

డిసెంబర్ 31

డెలివరీ వాళ్ళ సమ్మె. పది నిమిషాల డెలివరీ ఎత్తెయ్యాలని యూనియన్ల డిమాండ్లలో ఒకటి. వదిన హోదాలో చిన్నత్త కొడుకుని అడిగాను, నువ్వు చేస్తున్నావా అని.

"పొద్దున్న సేసినాను. రాత్రి ఇన్సెంటివ్ పెంచీసినారు. ఎల్లిపోయాను."

"పది నిమిషాలు?"

"గంటస్తంభం దాటడానికే పదిహేను వదినా."

2026 జనవరి 4, ఆదివారం

భోగాపురంలో మొదటి విమానం దిగింది. రన్‌వే పరీక్షకి, ఢిల్లీ నుంచి. శ్రీకాకుళం ఎంపీయే విమానయాన మంత్రి, అందులోనే వచ్చాడు. అమ్మ మేడెక్కి నిలబడింది. ఒక గద్ద కనపడిందట.

జనవరి 5

"మీ ఊరికి ఎయిర్‌పోర్టు వచ్చేసిందట కదా! శుక్రవారం వెళ్ళి సోమవారం వచ్చెయ్యొచ్చు" అన్నాడు మేనేజరు. ప్రయాణికులకి ఇంకా తెరవలేదు. తెరిచినా రాజాం నుంచి అక్కడికి గంటకి పైన. బొటనవేలు పైకి ఉన్న బొమ్మ పెట్టాను.

జనవరి 16, కనుమ

బెంగళూరుకి సెలవు నిన్నటితో అయిపోయింది. కనుమ వాళ్ళకి తెలీదు. మేడ మీద నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు కంపెనీలు, ఒకటే వైఫై. మామ్మ మధ్యలో కూర్చుని ఎవడు లేచి కిందికెళ్తే వాడి మౌస్ కదుపుతోంది. రేటు ఇరవై చేసింది. పండగ రోజు డబుల్ అట, నాన్న నేర్పాడు.

కోడి కూసింది. అది అలారమా అని పెదనాన్న కొడుకు క్లయింటు అడిగాడు.

అమ్మ పొంగడాలు పంపింది. కెమెరాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

తమ్ముడు రాలేదు. పండక్కి డ్యూటీ చేస్తే వాడికీ డబుల్. మామ్మ లెక్క వేసుకుని "ఆడికి ఫోను లాకర్లో కదా, మౌసెవులు కదుపుతారు" అంది.

జనవరి 18

మినహాయింపు ఫారం. ఆఫీసుకి ఎందుకు రాలేరు? ఆరోగ్యం. ప్రసూతి. తల్లిదండ్రుల సంరక్షణ. ఇతరం.

"మా సంరచ్చణ అని రాసీ" అంది అమ్మ.

"మీకేమైంది?"

"ఏటీ అవలేదు. రాస్తే ఏటవుద్ది?"

డాక్టరు కాగితం జతచెయ్యాలి. నాన్నకి రక్తపోటు కూడా లేదు. మామ్మని తీసుకెళ్దామనుకున్నాం. ఎనభై దాటింది, ఏదో ఒకటి ఉండకపోదు. ఆర్ఎంపీ చూసి అన్నీ నార్మల్ అన్నాడు. మామ్మ తలవంచుకుంది. దారిలో, "రేపు మళ్ళీ ఎల్దాం, మధ్యాన్నం తినకుండా" అంది.

ఇతరం నొక్కాను. రెండు వందల అక్షరాల్లో వివరించమంది. ఖాళీగా వదిలి సేవ్ చేశాను.

జనవరి 20

పలాస వాళ్ళ ఫోను. బెంగళూరు సంగతి వాళ్ళకి ఎలాగో తెలిసింది. వాళ్ళమ్మే మాట్లాడింది, స్పీకర్లో.

"అమ్మాయి బెంగుళూరెల్లిపోతే ఇక్కడ ఇల్లెవరు సూస్తారండి?"

"మీ అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు కదండీ, పర్మనెంటుగా" అంది మా అమ్మ. వెటకారం కాదు. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు ఇందులో ఇబ్బందేమిటో.

ఆలోచించుకుని చెప్తామన్నారు.

రాత్రి రెండు దాటాక అబ్బాయి నుంచి మెసేజ్. "నాకు వంట వచ్చండి. అన్నం, పప్పు, ఆమ్లెట్."

ఒక నిమిషానికి ఇంకోటి. "మా అమ్మకి చెప్పకండి."